చిన్న టౌన్‌కు ఫైబర్ ప్లాన్: ఏ పని కంప్యూటర్‌కు, ఏ పని మన కాళ్లకు

"ఏఐతో ఫైబర్ ప్లాన్ వేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలండీ?" కేబుల్ ఆపరేటర్లు, చిన్న ఐఎస్‌పీల (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల) దగ్గర పనిచేసే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. కొనాల్సిందేమీ లేదు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ ఉచితం, స్క్రిప్టులు (చిన్న ప్రోగ్రాములు) రాసే పైథాన్ భాష ఉచితం, ఇళ్ల మ్యాపు ఉచితం. చాలామంది దగ్గర లేనిదల్లా సరైన స్తంభాల లిస్టు.

2,000 నుంచి 5,000 ఇళ్లున్న మండల కేంద్రం, కరెంటు స్తంభాల మీద కేబుల్, జీపాన్ పద్ధతి (ఒక ఫైబర్‌ను స్ప్లిటర్లతో చీల్చి చాలా ఇళ్లకు పంచడం). ఈ మూడూ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు, భూగర్భ డక్టులకు లెక్కలు కొంత మారతాయి, వరుస మారదు.

1. ముందు ఐదు అంకెలు కాగితం మీద పెట్టండి

ల్యాప్‌టాప్ తెరవకముందే ఇవి రాసుకోండి:

- మొదటి విడతలో ఎన్ని ఇళ్ల ముందు నుంచి కేబుల్ పోవాలి
- వాటిలో ఎన్ని కనెక్షన్లు వస్తాయని మీ అంచనా
- ఒక పాన్ పోర్టు (మన గదిలోని యంత్రంలో ఒక ఫైబర్ బయల్దేరే చోటు) మీద గరిష్ఠంగా ఎంతమంది
- డ్రాప్ వైర్ (స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే వైరు) గరిష్ఠ పొడవు (నేను 80 మీటర్లు పెట్టుకుంటాను)
- చేతిలో ఉన్న డబ్బు

మూడో అంకె దగ్గర కాస్త ఆగండి. జీపాన్‌లో ఒక పోర్టుకు కిందికి వచ్చేది సుమారు 2.488 గిగాబిట్లు. 64 మంది ఒకేసారి లాగితే తలకు 39 మెగాబిట్లు కూడా రావు. 32 మందైతే 77 దాకా వస్తుంది. అందరూ ఒకేసారి లాగరు, నిజమే. కానీ ఐపీఎల్ ఫైనల్ రోజు రాత్రి ఫోన్ కాల్స్ ఎత్తేది మీరే కాబట్టి ఆ అంకె మీరే తేల్చుకోవాలి.

ఈ ఐదూ ఇవ్వకుండా "మంచి రూట్ చూపించు" అంటే కంప్యూటర్ పొడవు తక్కువున్న రూట్ చూపిస్తుంది. పొడవు తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గదు.

2. ఇళ్ల మ్యాపు: దించుకోవడం పది నిమిషాలు, శుభ్రం చేయడం రెండు రోజులు

గూగుల్ ఓపెన్ బిల్డింగ్స్ అనే డేటాలో ఉపగ్రహ చిత్రాల నుంచి ఏఐ గుర్తించిన భవనాల ఆకారాలు ఉంటాయి. మన ప్రాంతమంతా అందులో ఉంది. ప్రతి భవనానికీ విస్తీర్ణం, ఎంత నమ్మకంతో గుర్తించిందో చెప్పే స్కోరు ఇస్తారు. రోడ్లు, కాలువలు, రైలు పట్టాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు నుంచి దించుకోవచ్చు.

ఇక్కడ ఏఐ చేసిన పని నిజంగా గొప్పదే. కాకపోతే దానికి ఇల్లంటే ఏమిటో తెలియదు, పైకప్పు ఒక్కటే తెలుసు. మన ఊళ్లలో ఎదురయ్యే తప్పులివి:

- కోళ్ల ఫారం షెడ్డు, రైస్ మిల్లు, గోడౌన్ తలో ఇల్లుగా లెక్కలోకి వస్తాయి
- పశువుల కొట్టం, బాత్‌రూమ్ విడి ఇళ్లవుతాయి
- గోడకు గోడ ఆనుకున్న ఆరు పెంకుటిళ్లు కలిసి ఒకే ఇల్లవుతాయి
- మూడంతస్తుల్లో ఆరు వాటాలున్న డాబా కూడా ఒకటే
- కోనసీమ లాంటి చోట కొబ్బరిచెట్ల కింద ఇళ్లు అసలు కనిపించవు

సరిచేసే వరుస: స్కోరు తక్కువున్న వాటిని విడి లేయర్‌లో పెట్టండి, తీసేయకండి. 20 చదరపు మీటర్ల లోపువి పక్కన పెట్టండి. పొడవు వెడల్పుకు ఐదింతలు దాటితే షెడ్డని అనుమానించండి. 150 చదరపు మీటర్లు దాటిన ప్రతి ఆకారాన్నీ కంటితో చూడండి. ఇవి నేను మొదలుపెట్టే అంకెలు. మీ ఊరి ఇళ్లను బట్టి మార్చుకోండి.

అంతస్తుల్లో వాటాలెన్నో పైనుంచి చూసే ఏ చిత్రమూ చెప్పదు. దానికి ఒకటే మార్గం: వీధిలో నడుస్తూ కరెంటు మీటర్లు లెక్కపెట్టడం. మీటర్ల బోర్డు ఒక్క ఫోటో తీస్తే వాటాలెన్నో తేలిపోతుంది.

3. స్తంభాల సర్వే: ఈ మెట్టు దాటేయకండి

నాకు తెలిసి ప్లాన్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. సర్వేకు ఖర్చవుతుందని రోడ్డు పక్కన 40 మీటర్లకో స్తంభం ఉందనుకుని పని కానిచ్చేస్తారు. ఊళ్లో స్తంభాలు అలా వరుసగా నిలబడవు. రోడ్డుకు ఒక పక్క ఉండి, మలుపులో అవతలికి దాటి, గుడి దగ్గర మాయమై మళ్లీ చెరువు గట్టున తేలతాయి.

ఆండ్రాయిడ్ ఫోన్లో క్యూఫీల్డ్ వేసుకోండి. అది క్యూజీఐఎస్ ప్రాజెక్టునే ఫోన్లో తెరుస్తుంది, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ప్రతి స్తంభానికీ ఈ గళ్లు నింపాలి:

- నంబరు (స్తంభం మీద పెయింట్‌తో కూడా వేయండి)
- రకం: సిమెంటు, ఇనుము, చెక్క
- ఎల్‌టీ (ఇళ్లకు కరెంటిచ్చే) లైనా, 11 కేవీ (ఎక్కువ వోల్టేజీ) లైనా, ట్రాన్స్‌ఫార్మర్ ఉందా
- ఇప్పటికే ఎన్ని కేబుళ్లు వేలాడుతున్నాయి
- ఒరిగిందా, అడుగున పగిలిందా
- రెండు ఫోటోలు: ఒకటి పైభాగం, ఒకటి మొత్తం

బైక్ మీద కెమెరా పెట్టి వీడియో తీసి, ఏఐతో స్తంభాలను గుర్తింపజేయవచ్చు. యోలో (ఫోటోల్లో వస్తువులను గుర్తించే ఏఐ) రకం మోడల్‌కు మీ ఊరి స్తంభాల ఫోటోలు మూడు నాలుగు వందలు గుర్తులు పెట్టి నేర్పిస్తే ఎక్కడెక్కడ ఉన్నాయో బాగానే పట్టుకుంటుంది. ఒరిగిందా, నెర్ర ఉందా అన్న విషయం మాత్రం దాని మాట మీద వదిలేయకండి. ఆ స్తంభం ఎక్కేది మన మనిషి.

ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. ఇరుకు సందుల్లో ఇంకా ఎక్కువ. అందుకే "రోడ్డుకు ఏ పక్క" అన్న గడి ఒకటి చేర్చండి. ఈ గడి లేక ఒకసారి నా ప్లాన్‌లో పదకొండు స్తంభాలు రోడ్డు అవతలికి దూకాయి. డ్రాప్ వైర్లన్నీ రోడ్డు దాటాల్సినట్టు లెక్క వచ్చింది.

స్తంభాల సొంతదారు డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ సంస్థ. వాళ్ల అనుమతి, అద్దె సంగతి తేలకుండా డిజైన్ ఖాయం చేయకండి.

4. మ్యాపును మీటర్లలోకి మార్చండి

చిన్న మెట్టే. మరిచిపోతే మాత్రం లెక్కంతా చెత్త.

దించుకున్న డేటా అక్షాంశ రేఖాంశాల్లో, అంటే డిగ్రీల్లో ఉంటుంది. స్క్రిప్టు దూరాన్ని డిగ్రీల్లోనే కొలిచి 0.0007 అని ఇస్తుంది. దాన్ని యూటీఎమ్‌కు, అంటే భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతికి మార్చాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎక్కువ భాగం 44 ఉత్తర జోన్, సాఫ్ట్‌వేర్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644. అయితే 78 డిగ్రీల తూర్పు రేఖాంశానికి పడమరన ఉన్న అనంతపురం, హిందూపురం, జహీరాబాద్, తాండూరు 43 జోన్‌లోకి వెళతాయి. 84 దాటిన పలాస, ఇచ్ఛాపురం 45లోకి. చాట్‌బాట్ రాసిచ్చే కోడ్‌లో దాదాపు ఎప్పుడూ ఒకటే జోన్ ఉంటుంది. మార్చుకోండి.

5. ఎవరు కనెక్షన్ తీసుకుంటారు: అంచనా మోడల్

పాత కస్టమర్ల లిస్టు ఉంటే దాంతో మోడల్‌కు నేర్పించవచ్చు. ఇంటి విస్తీర్ణం, ప్రధాన రోడ్డుకు దూరం, వాటాల సంఖ్య, పక్క ఇళ్లలో కనెక్షన్లు, దగ్గర్లో స్కూలో కాలేజీయో ఉందా లాంటివి ఇచ్చి వీధివారీగా శాతం అడగాలి. ఇంటింటికీ జోస్యం అడగకండి, అంత డేటా మన దగ్గర ఉండదు.

ఇందులో దాగున్న బొక్క ఒకటుంది. మీ పాత లిస్టులో ఎస్సీ కాలనీలోనో, ఊరి చివర ఇందిరమ్మ ఇళ్లలోనో ఒక్క కనెక్షన్ కూడా లేదనుకోండి. వాళ్లకు అక్కర్లేదని మోడల్ నేర్చుకుంటుంది. అసలు సంగతేమిటంటే అక్కడికి మీ కేబుల్ ఎప్పుడూ వెళ్లనే లేదు. మనం అడగని వాళ్లను వద్దన్నవాళ్ల కింద జమకట్టడం ఇది. ఆ ఇళ్లలో పిల్లలు ఫోన్లో నెలనెలా డేటా రీఛార్జ్ చేస్తూనే ఉంటారు.

మందు: కేబుల్ పోయిన వీధుల ఇళ్లతో మాత్రమే మోడల్‌కు నేర్పండి. పోని వీధుల్లో పదిళ్లకు ఒక ఇంటి చొప్పున తలుపు తట్టి అడగండి. 300 ఇళ్ల కాలనీకి 30 ఇళ్లు, ఒక పూట పని.

కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఇంటి నంబరుకు బదులు కోడ్ పెట్టాకే ఏ ఆన్‌లైన్ టూల్‌లోనైనా ఎక్కించండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చిన్న ఆపరేటర్‌కు కూడా వర్తిస్తుంది.

6. స్ప్లిటర్ బాక్సులు ఎక్కడెక్కడ

ఇది కంప్యూటర్ మనకన్నా బాగా చేసే పని, సరిగ్గా అడిగితే.

క్యూజీఐఎస్‌లో కే-మీన్స్ అనే క్లస్టరింగ్ సిద్ధంగా ఉంది. 400 ఇళ్లను 60 గుంపులు చేయమంటే సెకన్లలో చేస్తుంది. దాన్ని అలాగే వాడితే రెండు ఇబ్బందులు. ఒకటి, గుంపుకు ఇన్నే ఇళ్లుండాలని దానికి తెలియదు. ఒక బాక్సుకు 14, ఇంకో దానికి 3 వస్తాయి. రెండోది, అది గాలిలో దూరం కొలుస్తుంది. వీపుకు వీపు ఆనుకున్న రెండిళ్ల మధ్య గాలిలో 8 మీటర్లే. వాకిళ్లు మాత్రం చెరో వీధిలో ఉంటాయి. ఒకే బాక్సు నుంచి ఇద్దరికీ ఇవ్వాలంటే రెండో ఇంటికి డ్రాప్ వైర్ వీధంతా చుట్టి రావాలి. లేదా పక్కవాళ్ల డాబా మీదుగా లాగాలి. ఆ ఇంటావిడ వడియాలు పెట్టుకునే డాబా మీద మీ వైరు ఎన్నాళ్లుంటుందో చెప్పనక్కర్లేదు.

ఇలా చేయండి:

1. ప్రతి ఇంటి వాకిలి ఏ వీధిలో ఉందో గుర్తించి, ఆ వీధి గీత మీదికి ఇంటి బిందువును జరపండి.
2. దూరం రోడ్డు వెంట కొలవండి.
3. బాక్సుకు గరిష్ఠం పెట్టండి. 1:8 స్ప్లిటర్‌కు (ఒక ఫైబర్‌ను ఎనిమిదిగా చీల్చేది) 6 ఇళ్లే కేటాయించి 2 ఖాళీ ఉంచుతాను.
4. బాక్సు ఉండాల్సిన చోటు సర్వేలో ఉన్న స్తంభమే కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్తంభం, 11 కేవీ స్తంభం వద్దని షరతు పెట్టండి.
5. ఇలా షరతులతో పరిష్కారం వెతకడానికి గూగుల్ ఓఆర్-టూల్స్ అనే ఉచిత లైబ్రరీ సరిపోతుంది.

మీ అంచనా ప్రకారం వీధిలో సగంమందే తీసుకుంటారనుకుంటే బాక్సు ఒక్కోటి 12 ఇళ్లను చూసుకోవచ్చు. ఐదో మెట్టు అంచనా ఉపయోగపడేది ఇక్కడే.

7. కేబుల్ రూట్

బాక్సులన్నిటినీ ఓఎల్‌టీ (ఫైబర్లన్నీ బయల్దేరే ప్రధాన యంత్రం) ఉన్న గదితో అతి తక్కువ ఖర్చుతో కలిపే చెట్టు కావాలి. లెక్కల వాళ్లు స్టైనర్ ట్రీ అంటారు. పైథాన్‌లోని నెట్‌వర్క్‌ఎక్స్‌లో దీనికి ఫంక్షన్ ఉంది. అది ఇచ్చేది ఉజ్జాయింపు జవాబు. అసలు ఉత్తమ చెట్టుకు రెండింతలు దాటదన్న హామీ మాత్రం ఉంది. మామూలుగా అంత దూరం పోదు.

దానికి మీరు చెప్పాల్సింది ప్రతి ముక్క ఖర్చు. నేను మొదలుపెట్టే గుణకాలు:

- ఉన్న స్తంభాల వెంట: మీటరుకు 1
- కొత్త స్తంభం పాతాల్సిన చోట: 2.5
- రోడ్డు తవ్వాల్సిన చోట: 6
- జాతీయ రహదారి దాటాలంటే: ఒక్కో దాటుకు అదనంగా 400 మీటర్లంత ఖర్చు
- రైలు పట్టాలు: దారి మూసేయండి, అనుమతి వచ్చాకే తెరవండి

తవ్వే చోట ముందుగా "కాల్ బిఫోర్ యు డిగ్" యాప్‌లో సమాచారం పెట్టండి. 2023లో కేంద్రం తెచ్చింది. మీరు ఇంకొకరి కేబుల్ తెంపకుండా, మీ కేబుల్ ఇంకొకరు తెంపకుండా పనికొస్తుంది.

కృష్ణా డెల్టాలో ఒక మండల కేంద్రానికి మొదటిసారి ఇలా రూట్ వేయించినప్పుడు లెక్క ముచ్చటగా వచ్చింది. కాలువకు అవతల ఉన్న 140 ఇళ్లకు నడకవంతెన మీదుగా 90 మీటర్లే. కేబుల్ డ్రమ్ములకు ఆర్డర్ కూడా ఇచ్చేశాం. వెళ్లి చూస్తే వంతెన లేదు. ఈ గట్టున ఒక దిమ్మె, ఆ గట్టున ఒక దిమ్మె, మధ్యలో గుర్రపుడెక్క. మ్యాపులో మాత్రం వంతెన చెక్కుచెదరకుండా ఉంది. చుట్టూ తిరిగితే 1.1 కిలోమీటర్లు. అప్పటినుంచి రూట్ వేయించే ముందే వంతెనలు, కల్వర్టులు, రైల్వే గేట్లు ఒక లిస్టుగా తీసి, ప్రతి దాన్నీ ఫోటో తీసుకొచ్చాకే మ్యాపులో తెరుస్తున్నాను.

ఇంకో తప్పు: మ్యాపు పొడవునే కేబుల్ పొడవు అనుకోవడం. స్తంభాల మధ్య వేలాడే వంపు, స్తంభం దగ్గర చుట్టు, జాయింట్ దగ్గర వదిలే లూపు కలపాలి. నేను మొత్తానికి 8 శాతం, ప్రతి జాయింట్‌కూ విడిగా 15 మీటర్లు కలుపుతాను. స్క్రిప్టులో ఒక్క లైను. మరిచిపోతే మాత్రం ఆఖరి వీధికి కేబుల్ చాలదు.

8. పవర్ లెక్క: ఆటోమేట్ చేయండి, కానీ ఒకటి చేత్తో వేయండి

బీ ప్లస్ తరగతి ఆప్టిక్స్‌లో (కాంతి పంపి, అందుకునే భాగాల్లో) ఓఎల్‌టీ నుంచి ఇంటి వరకు పోగొట్టుకోగలిగిన కాంతి గరిష్ఠంగా 28 డీబీ (డెసిబెల్, తగ్గుదలకు కొలత). ఉదాహరణకు 4 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇల్లు, దారిలో రెండు చోట్ల 1:8 స్ప్లిటర్:

- స్ప్లిటర్లు: 10.5 + 10.5 = 21.0
- ఫైబర్: 4 × 0.35 = 1.4
- స్ప్లైసులు (ఫైబర్ అతుకులు) 8: 8 × 0.1 = 0.8
- కనెక్టర్లు 4: 4 × 0.5 = 2.0
- మొత్తం: 25.2 డీబీ

28 లోపే ఉందని సంతోషించకండి. రేపు కేబుల్ తెగి రెండు మూడు జాయింట్లు పడతాయి, కనెక్టర్లో దుమ్ము చేరుతుంది. అందుకని 3 డీబీ పక్కన పెట్టుకోవాలి. అప్పుడు 28.2, గీత దాటింది. మొదటి చోట 1:8 తీసి 1:4 పెడితే 7.2 మాత్రమే పోతుంది. మొత్తం 21.9, మార్జిన్‌తో 24.9. ఇప్పుడు నిద్రపడుతుంది. పోర్టుకు 64 బదులు 32 మంది అవుతారు. ఒకటో మెట్టులో ఆ అంకెను ముందే తేల్చుకోమన్నది ఇందుకే.

ఫైబర్ నష్టానికి 0.35 ఎందుకంటే, ఇంటినుంచి పైకి వెళ్లే 1310 నానోమీటర్ల కాంతికి నష్టం ఎక్కువ. కొన్ని రెడీమేడ్ స్క్రిప్టులు 1550 దగ్గరి 0.22 వాడతాయి. దూరపు ఇళ్ల దగ్గర ఇది దొరికిపోతుంది.

మరీ దగ్గరి ఇళ్లను కూడా వడకట్టండి. బీ ప్లస్‌లో కనీస నష్టం 13 డీబీ ఉండాలి. ఓఎల్‌టీ గది పక్కింటికి ఒక్క 1:8తోనే ఇస్తే పవర్ ఎక్కువై ఇంట్లోని ఓఎన్‌టీ (ఫైబర్ మోడెం) తట్టుకోదు.

9. చాట్‌బాట్‌ను ఏమడగాలి, ఏమడగకూడదు

బాగా చేసేవి: క్యూజీఐఎస్ స్క్రిప్టు రాయడం, ఎర్రర్ వస్తే అర్థం చెప్పడం, "రామాలయం ఎదురు సందు, పాల కేంద్రం పక్కన" లాంటి అడ్రసులను గళ్లుగా విడదీయడం, స్ప్లైసింగ్ షీట్‌కు నమూనా తయారుచేయడం.

అడగకూడనివి: "ఈ రూట్‌కు ఎంత నష్టం వస్తుంది", "ఈ వీధిలో ఎన్ని స్తంభాలున్నాయి". జవాబు ధీమాగా ఇస్తుంది, అంకె మాత్రం ఊహ కావచ్చు. లెక్క చేసే స్క్రిప్టు రాయమనండి, లెక్క స్క్రిప్టుతో చేయించండి. వచ్చినవాటిలో ఐదు ఇళ్లు, దగ్గరివి రెండు, దూరానివి మూడు, కాలిక్యులేటర్‌తో సరిచూడండి.

కేబుల్‌లోని ఫైబర్ పోగుల (కోర్ల) రంగుల వరుస కూడా దాని మాట మీద నమ్మకండి. మామూలుగా 12 కోర్లకు నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, లేత నీలం. మీరు కొన్న డ్రమ్ముతో వచ్చిన కాగితంలో ఏముంటే అదే చివరి మాట.

10. ప్లాన్ పట్టుకుని ఊళ్లో నడవండి

పూర్తయిన డిజైన్‌ను క్యూఫీల్డ్‌లో ఎక్కించి, స్ప్లైసింగ్ చేసే మనిషిని, వీలైతే ఆ ఏరియా లైన్‌మ్యాన్‌ను వెంటబెట్టుకుని నడవండి. చూడాల్సినవి:

- బాక్సు పెట్టే ప్రతి స్తంభానికి నిచ్చెన వేసే చోటుందా
- లారీలు, వరి కోత మిషన్లు వెళ్లే దారిలో కేబుల్ ఎత్తు చాలుతుందా
- రోడ్డు వెడల్పు పనులకు గుర్తులు పెట్టారా
- వినాయకుడి ఊరేగింపు, తిరునాళ్ల ప్రభలు ఏ దారిన వెళతాయి

ఆఖరిది ఏ డేటాలోనూ దొరకదు. టీ కొట్టు దగ్గర అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు. మార్పులన్నీ అక్కడికక్కడే మ్యాపులో గుర్తించి, 7, 8 మెట్లు మళ్లీ నడిపించండి. ఆటోమేషన్‌తో అసలు లాభం నాకు ఇక్కడే కనిపిస్తుంది. చేత్తో అయితే వారం పట్టే సవరణ సాయంత్రానికి అయిపోతుంది. ఆ తర్వాతే సామాన్ల లిస్టు ప్రింట్ తీయండి.

11. మొదటి 50 కనెక్షన్ల తర్వాత

ప్రతి ఇంట్లో పవర్ మీటర్ పెట్టి రీడింగ్ రాయించండి. షీట్‌లో మూడు గళ్లు చాలు: ప్లాన్ చెప్పింది, వచ్చింది, తేడా.

తేడా 1 డీబీ లోపుంటే వదిలేయండి. ఒకే బాక్సు కింద ఇళ్లన్నిటిలో 2, 3 డీబీ తేడా ఉంటే ఆ బాక్సుకు ముందున్న స్ప్లైసు తిరిగి వేయించండి. ఒక్క ఇంట్లోనే ఉంటే డ్రాప్ వైర్ ఎక్కడో కిటికీ రెక్కలో నలుగుతోంది, లేదా కనెక్టర్ తుడవలేదు. ఊరంతా ఒకేలా, ఎక్కువకో తక్కువకో, 1.5 డీబీ తేడా వస్తుంటే పని తప్పు కాదు, మీ స్క్రిప్టులో కనెక్టర్‌కో స్ప్లైస్‌కో పెట్టిన అంకె తప్పు. దాన్ని మీ మనుషుల చేతిపనికి తగ్గట్టు మార్చి, రెండో విడత ప్లాన్‌ను ఆ కొత్త అంకెతో మొదలుపెట్టండి.